కనపడని రేసుకి కళ్ళాపి

మా అన్నయ్య బండికి ముందు బ్రేకు ఉండేది కాదు. ఆ సంగతి ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. మట్టి ట్రాక్ మీద జోరుగా వెళ్తూ ముందు బ్రేకు నొక్కితే మనిషి హ్యాండిల్ మీదుగా ఎగిరి అవతల పడతాడు. అందుకే ఆ రేసులు ఆడేవాళ్ళు దాన్ని పీకేస్తారు. ఇది అమ్మకి చెప్పి ఒప్పించగల మొనగాడు బీర్‌గావ్‌లోనే కాదు, రాయ్‌పూర్ మొత్తంలో లేడు. అందుకని చెప్పలేదు.

ఛత్తీస్‌గఢ్ ఏర్పడి అప్పటికి పదేళ్ళు నిండలేదు. మాది శ్రీకాకుళం వైపు. నాన్న రైల్వే వర్క్‌షాపులో రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేసి బీర్‌గావ్‌లో రెండు గదుల డాబా వేసుకున్నాం. అన్నయ్య ఉర్లాలో ఒక స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీలో ఫిట్టరు. నేను ఒక హిందీ మీడియం స్కూల్లో లెక్కల టీచర్ని. నా గొంతు పెద్దది. మా క్లాసు పిల్లలే కాదు, పక్క క్లాసు పిల్లలు కూడా నేను అరిస్తే నోరు మూసుకునేవారు. ఆ గొంతుని గురించి ఇప్పటికీ చుట్టాలు ఏదో ఒకటి అంటూనే ఉంటారు. అననీయండి.

అన్నయ్య బండి ఒకప్పుడు ఎవరిదో పాత టూ స్ట్రోక్ బండి. తుక్కు కింద తెచ్చి, మూడేళ్ళు కూర్చుని, డ్యూటీ అయ్యాక ఒక్కో ముక్కా తనే చేసుకున్నాడు. ఆదివారాలు భన్‌పురి వెనక, లారీలు తిప్పుకునే ఖాళీ స్థలంలో గుండ్రంగా తిప్పేవాడు. నేను ప్రహరీ గోడెక్కి కూర్చుని, వాచీ చూసి సెకన్లు అరిచి చెప్పేదాన్ని. మలుపు రాగానే ఎడమకాలు నేలకి ఆనించి, హ్యాండిల్ ఎదురుదిక్కుకి తిప్పి, వెనకచక్రాన్ని పక్కకి జారనిచ్చేవాడు. చూసేవాళ్ళకి పడిపోతున్నాడనిపిస్తుంది. పడిపోడు. పడటానికీ పడకపోవడానికీ మధ్య ఉన్న ఆ కాస్త చోటులోనే ఆట అంతా ఉంది. నాకు పిచ్చెక్కిపోయేది. పెళ్ళి కావలసిన పిల్ల గోడెక్కి కూర్చోవడమేమిటని వీధిలో అన్నవాళ్ళున్నారు. తర్వాతి ఆదివారం ఇంకాస్త ఎత్తు గోడ వెతుక్కున్నాను.

అమ్మ మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు. చూడకుండానే ఆ బండి మీద పగబట్టింది. అలాంటప్పుడు మా వైపే, భన్‌పురిలోనే పెద్ద మట్టి ట్రాక్ రేసు పెడుతున్నారని గోడల మీద పోస్టర్లు పడ్డాయి. అన్నయ్య పేరిచ్చి వచ్చాడు. ఆ పూట అన్నం దగ్గర అమ్మ తేల్చి చెప్పింది.

"ఒక్కపాలి నానొచ్చి నా కళ్ళతో సూస్తాను. సూసినాక అమ్మీమంటే అమ్మీయాల. మల్లీ మాటాడకూడదు."

"సరేనమ్మా. చూసి చెప్పు" అన్నాడు అన్నయ్య.

నాన్న మజ్జిగ పోసుకుంటూ తలెత్తలేదు. మధ్యవర్తిని నేను. అమ్మ అన్నమాట తప్పదు, అన్నయ్య ఇచ్చినమాట తప్పడు. ఇద్దరూ అంతే. కాబట్టి ఆ బండి ఉంటుందా పోతుందా అన్నది ఆ ఒక్కరోజు అమ్మ కళ్ళకి ఏం కనపడుతుందన్నదాని మీదే ఆధారపడింది. ఒక్క మంచి రేసు చూపిస్తే చాలు, మిగతాది అన్నయ్య చూసుకుంటాడని నా ధీమా. రేసు పెట్టేవాళ్ళ తెలివి గురించి నేను లెక్క వేసుకోలేదు.

వాళ్ళ తెలివి ఎలాంటిదో చెప్తాను. మా వైపు ఎక్కడ గుంట పూడ్చాలన్నా, ఎవరి ప్లాటు ఎత్తు చేయాలన్నా ఫ్యాక్టరీలు బయట పారబోసే నల్లటి పొడి లారీలతో తెచ్చి పోస్తారు. అడిగితే చాలు, తీసుకుపొమ్మంటారు. ఆ అలవాటులోనే ట్రాక్ మీద కూడా అదే పరిపించారు. అన్నయ్య వారం ముందే వెళ్ళి చెప్పాడు: అది అడుగున వేసుకోండి, పైన ఎర్రమట్టి పోసి రోలర్ తిప్పండి, లేకపోతే చక్రం తిరగ్గానే లేచిపోతుంది అని. అక్కడున్న పెద్దమనిషి, నల్లగా ఉంటే ఫొటోల్లో తారురోడ్డులా అందంగా వస్తుందన్నాడట. ఈ తప్పు చేయాలంటే మా ఊళ్ళోనే పుట్టాలి.

రేసు రోజు పొద్దున పదింటికి మొదలన్నారు. మేం తొమ్మిదింటికే వెళ్ళాం. అమ్మ ఉతికిన తెల్లచీర, నీలం అంచుది, కట్టుకుని వచ్చింది. జనం అప్పటికే కిటకిటలాడుతున్నారు. షిఫ్టు మార్పించుకుని వచ్చిన ఫ్యాక్టరీ వాళ్ళు, రాత్రి డ్యూటీ దిగి నిద్ర మానుకుని వచ్చినవాళ్ళు, సైకిళ్ళ మీద ముగ్గురేసి పిల్లలు. ఆడవాళ్ళకి వేరే గ్యాలరీ అన్నారు. అది సరిగ్గా ఎండకి ఎదురుగా, గాలి వచ్చి మొహాన కొట్టేవైపు వేశారు. ఎదురుగా సోఫాలతో షామియానా. ఆ షామియానా గుంజలు బండ్లు చివరి గీత దాటే చోటికి అడ్డం. అంటే ఎవరు గెలిచారో సోఫాలో కూర్చున్నవాళ్ళకి తప్ప ఇంకెవరికీ కనపడదు.

పదయింది. పదకొండయింది. ముఖ్య అతిథి రావాలన్నారు. రైడర్లు తోలు జాకెట్లేసుకుని ఎండలో నిలబడి ఉడుకుతున్నారు. పన్నెండు దాటాక ఆయన వచ్చాడు. పూలదండలు, శాలువాలు, దీపం. దీపం గాలికి ఆరిపోతుంటే నలుగురు చుట్టూ చేతులడ్డం పెట్టి వెలిగించారు. తర్వాత ఉపన్యాసాలు. యువత గురించి, క్రీడల గురించి, కొత్త రాష్ట్రం గురించి. మోటారుసైకిలు అనే మాట ఒక్కరి నోటా రాలేదు. మా గ్యాలరీ వెనక నిలబడ్డ బీర్‌గావ్ కుర్రాళ్ళు ఈలలు మొదలెట్టారు. టీచర్ని కాబట్టి ఊరుకోమనాలి. నేనూ ఈల వేశాను.

ఒంటిగంటకి మొదటి రేసు వదిలారు. ఆరు బండ్లు గుర్రుమని లేచాయి. అంతే, ఆ తర్వాత బండ్లు లేవు. నల్లటి మబ్బు ఒకటి నేలమీంచి లేచి ట్రాక్ చుట్టూ తిరిగి, గాలికి తిన్నగా మా గ్యాలరీలోకి వచ్చి కూర్చుంది. చప్పుడు మాత్రం వినపడుతోంది. మైకులో కామెంట్రీ చెప్పేవాడు ఆపకుండా, ఏం దూకుడు, ఏం పోటీ, ఆహా అంటూ గొంతు చించుకుంటున్నాడు. అతని ముందు కూడా మబ్బే.

"ఏటే ఇది?" అంది అమ్మ, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని. "ఇంటికాడ డాబా మీద పడే బొగ్గు సాల్లేదని ఇక్కడికొచ్చి మింగాలా?"

"కొంచెం ఆగమ్మా."

"ఈడు ఏటి సూసి అరుస్తన్నాడే? మనకి అగపడనిది ఈడికొక్కడికి అగపడతందా?"

రెండో రేసులో మబ్బు కాస్త గాలికి చెదిరినప్పుడు చూస్తే ఒక బండి కింద పడి ఉంది. రైడరు పాకుతూ పక్కకి పోతున్నాడు. వెనకొచ్చిన బండి అతని కాలికి జానెడు దూరంలోంచి దూసుకుపోయింది. జనం ఒక్కసారి కేక పెట్టారు. ముందు వరసలో ఎవరో హిందీలో అన్నారు, ఆపుదామన్నా ముందు బ్రేకే ఉండదు కదా ఈ బండ్లకి అని. అమ్మకి హిందీ నాకంటే బాగా వచ్చు. మెల్లగా నావైపు తిరిగింది.

"బ్రేకు లేదా?"

"వెనకది ఉందమ్మా."

"నీకు తెల్సా?"

తలూపాను. అమ్మ మళ్ళీ ట్రాక్ వైపు తిరిగింది. తిట్టి ఉంటే బాగుండేది. మూడో రేసు అన్నయ్యది. అది మొత్తం అమ్మ ఆ నల్లటి మబ్బులోకి కళ్ళు చికిలించి చూస్తూ కూర్చుంది. మనవాడేడీ అని కూడా అడగలేదు. అడిగితే చెప్పడానికి నాకూ కనపడలేదు. చివరికి మైకులో అన్నయ్య నంబరు రెండోస్థానం అని, ఫైనల్‌కి వెళ్ళాడని చెప్పారు. గర్వపడాలో వద్దో కూడా తెలియలేదు నాకు. మా అన్నయ్య మూడేళ్ళ కష్టం నా కళ్ళముందే జరిగిపోయింది, నేను చూడలేదు.

అప్పుడు ట్యాంకర్ తెచ్చారు. గొట్టం విప్పి ధారగా వదిలారు. ఆ పొడి గుణం మా వైపు ఆడవాళ్ళందరికీ తెలుసు. నీళ్ళు ఒక్కసారి పోస్తే పీల్చుకోదు. నీళ్ళు పైన జారిపోతాయి, పొడి నూనె రాసినట్టు తేలుతుంది. ట్రాక్ మీద అక్కడక్కడా నల్లబురద మడుగులు కట్టాయి, మధ్యలో నేల పొడిపొడిగానే ఉంది.

"అలాగ పోస్తారేటి?" అంది అమ్మ. "మీద తడి, కింద పొడి. పొద్దున్నే వాకిలి తుడిసినోలు ఒక్కలూ లేరేటి ఆళ్ళల్లో?"

ఇంతలో మైకు. ధూళి ఎక్కువగా ఉంది కాబట్టి, ముఖ్య అతిథిగారికి వేరే కార్యక్రమం ఉంది కాబట్టి, ఫైనల్ రద్దు. ఫైనల్‌కి వచ్చిన ఆరుగురికీ సమానంగా తలా ఒక మెమెంటో. వచ్చిన ప్రేక్షకులకి ధన్యవాదాలు.

అమ్మ లేచి చీర దులుపుకుంది. దులిపేకొద్దీ నలుపు పాకింది. "సూసేను గదా. నడు ఇంటికి. బండి అమ్మీమను."

"నువ్వు సూడలేదు" అన్నాను.

"ఏటి?"

"నువ్వు సూసింది ధూళమ్మా. అన్నయ్యని సూడలేదు. ఆడు బండి నడపడం సూసినాక సెప్తానన్నావు. అదీ మాట. సూడకుండా అమ్మీమంటే మాట తప్పింది నువ్వు."

అమ్మతో అలా మాట్లాడటం అదే మొదటిసారి. అయినా వెనక్కి తగ్గలేదు. అమ్మ నన్ను ఎగాదిగా చూసింది. మళ్ళీ కూర్చుంది.

నిజానికి ఎవరూ లేవలేదు. ముఖ్య అతిథి కారు వెళ్ళిపోయింది, సోఫాలు ఖాళీ అయ్యాయి, కానీ గ్యాలరీల్లో జనం కదల్లేదు. టెంటుహౌసు వాళ్ళు కుర్చీలు లాక్కోవడం మొదలుపెట్టారు. కుర్చీ పోయినవాడు నేలమీద కూర్చున్నాడు. ఎవరో "రేస్ చాహియే" అన్నారు, రేసు కావాలి అని. ఇంకొకరు అందుకున్నారు. కాసేపటికి మైదానం మొత్తం అదే అరుపు. నిద్ర మానుకుని, షిఫ్టు మార్పించుకుని, బొగ్గు మింగి కూర్చున్నవాళ్ళకి చేయి ఊపి ధన్యవాదాలు చెప్తే సరిపోతుందా? నేను దిగి తిన్నగా షామియానా దగ్గరికి వెళ్ళాను.

"మేడం, లేడీస్ గ్యాలరీలో కూర్చోండి" అన్నాడు అక్కడి పెద్దమనిషి హిందీలో. తారురోడ్డులా అందంగా ఉంటుందన్నది ఈయనేనని నాకు చూడగానే అర్థమైంది.

"కుర్చీలు మీవాళ్ళే పట్టుకుపోయారు. రేసు పెట్టండి" అన్నాను.

"ధూళిలో ఎవరికైనా ఏమైనా అయితే బాధ్యత ఎవరిది?"

"ఇందాక మూడు రేసులు ఈ ధూళిలోనే నడిపించారు. అప్పుడెవరిది? మనిషి కాలికి జానెడు దూరంలో బండి పోయింది, అప్పుడు మీరు శాలువా మడత పెడుతున్నారు."

"నీళ్ళు పోయించాం కదా. ఇంకేం చెయ్యమంటారు?"

నా వెనకనుంచి అమ్మ గొంతు వినపడింది. ఎప్పుడొచ్చిందో తెలీదు. "పానీ డాలా నహీ, బహాయా" అంది. చల్లలేదు, పారబోశారు అని. ఆయన ఏదో అనబోతే, అమ్మ వినకుండా ట్యాంకర్ దగ్గరికి నడిచింది.

ఆ ట్యాంకర్ డ్రైవరు ఎండాకాలం మా వీధికి నీళ్ళు తెచ్చేవాడే. అమ్మని దాయీ అని పిలిచేవాడు, వాళ్ళ భాషలో అమ్మ అని. గొట్టం చివర బొటనవేలు ఎలా అడ్డం పెట్టాలో అమ్మ పట్టుకుని చూపించింది. ధార తుంపరయింది. ముందు నేల పైపైన తడవాలి, అంతే. ఆగాలి. ఆ చెమ్మ కిందికి దిగాక రెండోసారి. అప్పుడు గాని పొడి నీటిని పట్టుకోదు. రోజూ పొద్దున్నే వాకిట్లో కళ్ళాపి చల్లడానికి ముందు మా ఇళ్ళలో చేసే పని ఇదే. గుప్పిట్లో నీళ్ళు జల్లి, లోపలికి వెళ్ళి పొయ్యి వెలిగించుకుని వచ్చి మళ్ళీ జల్లుతారు.

బీర్‌గావ్ ఆడవాళ్ళు ఆరేడుగురు కొంగులు దోపుకుని దిగారు. తాగునీళ్ళకి పెట్టిన బకెట్లు తెచ్చారు. "సహీ కహత్ హే దాయీ", అమ్మ చెప్పేది నిజమే అంటూ ఒక ముసలామె తనే రెండో గొట్టం పట్టుకుంది. మగవాళ్ళు లారీల దగ్గర్నుంచి పారలు తెచ్చి బురద మడుగుల్ని గీకి పక్కకి ఎత్తిపోశారు. వందమంది వరసగా నిలబడి తడిసిన నేలని కాళ్ళతో తొక్కుకుంటూ ట్రాక్ చుట్టూ నడిచారు. నిర్వాహకులు మైకు వైరు చుట్టుకుని, జెండా పట్టుకుని వెళ్ళిపోయారు. అంబులెన్స్ డ్రైవరు మాత్రం వెళ్ళలేదు. అతనికీ రేసు చూడాలని ఉంది.

నేను బకెట్ అందిస్తూ అమ్మని అడగకుండా ఉండలేకపోయాను. "నీకు ఇష్టం లేని రేసుకి నువ్వే నీళ్ళు జల్లుతున్నావే."

"రేసు మాట తరవాత. ఇందాక ఈ మసిలోనే తిరిగినాడు నా కొడుకు, కళ్ళు మూసుకుని. ముందు ఆడికి దారి అగపడాల" అంది, తలెత్తకుండానే.

నాలుగున్నరకి నేల గట్టిపడింది. ఓడిపోయిన రైడర్లలో ఒకడు మెడలోని ఎర్ర తువ్వాలు, అక్కడివాళ్ళ గమ్ఛా, తీసి జెండా చేశాడు. ఆరుగురూ గీత మీద నిలబడ్డారు. అన్నయ్య మూడోవాడు. గమ్ఛా కిందికి పడింది.

ఈసారి అంతా కనపడింది. ఆరు బండ్లూ ఒకదాని పక్కనొకటి మలుపులోకి వెళ్ళి, అన్నీ ఒక్కసారి అడ్డం తిరిగాయి. ఆరు ఎడమకాళ్ళు నేలమీద. చక్రాల వెనక తడిమట్టి చిమ్ముతోంది తప్ప ధూళి లేదు. అన్నయ్య మొదటి చుట్టులో మూడో స్థానం. రెండో చుట్టు మలుపులో లోపలివైపు సందు దొరికింది, దూరాడు. నేను ఆ పక్కన నిలబడి గొంతు పోయేలా అరుస్తున్నాను. అమ్మ అరవలేదు. నా మణికట్టు పట్టుకుంది. అన్నయ్య మలుపులోకి వచ్చిన ప్రతిసారీ ఆ పట్టు బిగిసేది, బయటికి వెళ్ళగానే వదులయ్యేది. మూడో చుట్టులో బండి మరీ వంగిపోయింది, చెయ్యి నేలకి తగిలిందేమో అనిపించింది. అమ్మ గోళ్ళు దిగాయి. చివరి చుట్టు, చివరి మలుపు, ముందున్నవాడి పక్కకి పూర్తిగా వచ్చేశాడు. గీత దగ్గర సగం చక్రం తేడాతో అన్నయ్య రెండోవాడు.

జనం ట్రాక్ మీదికి దూకారు. గెలిచినవాణ్ణీ ఓడినవాణ్ణీ తేడా లేకుండా ఎత్తుకున్నారు.

ఆ ఫైనల్ ఏ కాగితం మీదా లేదు. రద్దయిందనే రాసుకున్నారు. తర్వాత అన్నయ్య వేరే ఊళ్ళ రేసులకి పేరివ్వడానికి వెళ్తే, రాయ్‌పూర్‌లో మీరు ఫైనల్ ఆడినట్టు ఆధారం ఏదని అడిగారు. ఇప్పటికీ ఎవరైనా అది లెక్కలోకి రాదంటే నాకు ఒళ్ళు మండుతుంది. జెండా పట్టుకుని పారిపోయినవాళ్ళు రాసింది లెక్కట, నిలబడి నేల తడిపి చూసిన మేం లెక్క కాదట. వాళ్ళ కాగితం వాళ్ళ దగ్గరే ఉండనీ. నేను చూశాను. అమ్మ చూసింది.

జనం వదిలాక అన్నయ్య హెల్మెట్ చంకలో పెట్టుకుని మా దగ్గరికి వచ్చాడు. మొహం నిండా మట్టి. అమ్మ చీరలో తెలుపన్నది ఎక్కడా లేదు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"సూసేవా అమ్మా?" అన్నాడు.

"సూసేను."

"మరి?"

"బయమేసింది. నాలుగు సుట్లకీ నాలుగుపాల్లు పాణం పోయింది నాకు."

అన్నయ్య బండి వైపు ఒకసారి చూశాడు. "సరే. మాటంటే మాటే. అమ్మేస్తాను" అన్నాడు. గొంతు మామూలుగానే పెట్టాడు కానీ నాకు తెలుసు, ఆ గొంతు మామూలుది కాదు.

అమ్మ కొంగుతో అన్నయ్య కళ్ళ చుట్టూ ఉన్న మట్టి తుడవబోయి, కొంగు ఇంకా మురికిగా ఉందని చూసి, అరచేత్తోనే తుడిచింది.

"నానేటి సెప్పకముందే అమ్మేత్తానంటావేటి? పని రానోలు పొద్దున్నించీ మైకు పట్టుకుని మాటాడినారు, పని సెడగొట్టి పోనారు. నీకు పనొచ్చు, నా కళ్ళతో నాను సూసేను. పని రానోలికోసం పనొచ్చినోడు ఎందుకు మానుకోవాల? అమ్మొద్దు."